అరువు కోడు, అప్పుపత్రాలు

(రేడియోలో చదివిన ప్రసంగానికి లిఖితరూపం)



ఇవాళ మాట్లాడుకోబోయేది మనలో చాలామందికి జీతాలిచ్చే పని గురించి. కిందటి నెలలో ఒకావిడ ఫోన్ చేసి ఇలా అడిగారు: "మా అబ్బాయి కాలేజీలో చదువుతూ స్నేహితులతో కలిసి ఓ ప్రోగ్రాము రాశాడండీ. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చని ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఇప్పుడెవరో వచ్చి, ఇందులో వాడిన ఫలానా ముక్క లైసెన్సు మీ లైసెన్సుతో కుదరదు, తీసెయ్యండి అంటున్నారట. పైసా తీసుకోకుండా పంచిపెట్టేదానికి కూడా ఇన్ని పేచీలా?"

అవునమ్మా, పేచీలే. కానీ అర్థం లేని పేచీలు కావు. సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్ళకి ఇందులో కొంత తెలిసే ఉంటుంది, కాస్త ఓపిక పట్టండి. తెలియనివాళ్ళకి కూడా అర్థమయ్యేలా మొదటి నుంచీ చెబుతాను.

ఇవాళా రేపూ ఎవరూ ఒక ప్రోగ్రాముని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా సొంతంగా రాయరు. తేదీలు లెక్కకట్టడానికి ఒకరు రాసిన లైబ్రరీ, బొమ్మల సైజు తగ్గించడానికి ఇంకొకరిది, పాస్‌వర్డు భద్రపరచడానికి మరొకరిది. మనం రాసేది వీటన్నిటినీ కలిపికుట్టే దారం మాత్రమే. పెళ్ళివంట ఒప్పుకున్న వంటాయన సంగతి తీసుకోండి. అప్పడాలు ఒకచోట కొంటాడు, లడ్డూలు మిఠాయి దుకాణంలో చెబుతాడు, పెరుగు ఇంకెక్కడి నుంచో తెప్పిస్తాడు. ఆ మిఠాయి దుకాణంవాడు నెయ్యి ఎక్కడ కొన్నాడో వంటాయనకి తెలీదు. పెళ్ళివారికి అసలే తెలీదు. తేడా వస్తే మాత్రం చుట్టాలు నిలదీసేది పెళ్ళివారినే.

సాఫ్ట్‌వేర్‌లో ఇలా అరువు తెచ్చుకున్న ముక్కల్ని డిపెండెన్సీలు అంటారు. మనం స్వయంగా పిలిచి తెచ్చుకున్నవి కొన్నే ఉంటాయి. వాటి వెనకాల అవి తెచ్చుకున్నవి, వాటి వెనకాల మళ్ళీ అవి తెచ్చుకున్నవి. భోజనానికి పదిమందిని పిలిస్తే పంక్తిలో మూడొందలమంది కూర్చున్నట్టు ఉంటుంది. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే ముక్క విషయంలో ఇది లోకానికంతటికీ తెలిసింది. దాని నిడివి పదకొండు వరసలు. అక్షరాల ఎడంపక్క ఖాళీలు పెట్టడం తప్ప దానికి వేరే పని లేదు. రాసినాయనకి కాలిఫోర్నియాలోని ఎన్‌పీఎం సంస్థతో ఒక పేరు విషయంలో తగువొచ్చి, తన సరుకంతా అక్కడి నుంచి తీసేసుకున్నాడు. ఆ పదకొండు వరసలూ లేక పెద్దపెద్ద కంపెనీల బిల్డులు ఆగిపోయాయి. రెండు గంటల్లో ఎన్‌పీఎం వాళ్ళే దాన్ని తిరిగి పెట్టారు. అందరూ నవ్వుకున్నారు. కానీ "మా ఇంట్లో ఈ మనిషి ఉన్నట్టు మాకే తెలీదే" అన్నవాళ్ళు ఎంతమందో!

ఇక లైసెన్సుల సంగతి. "ఊరికే ఇచ్చారు" అనడానికీ "వదిలేశారు" అనడానికీ చాలా తేడా ఉంది. అమెరికా 1989లో బెర్న్ ఒప్పందంలో చేరింది. అప్పటినుంచీ ఎవరేం రాసినా, రాసిన క్షణం నుంచే కాపీరైటు వారిది. ఎక్కడా రిజిస్టరు చెయ్యక్కర్లేదు, వృత్తంలో సీ అక్షరం గుర్తు పెట్టక్కర్లేదు. కాబట్టి ఇంటర్నెట్‌లో కనపడిన కోడు మీద లైసెన్సేమీ రాసి లేకపోతే "హాయిగా వాడుకోండి" అని అర్థం కాదు. "ఎవరికీ ఏ హక్కూ ఇవ్వలేదు" అని అర్థం. మన పిల్లలు ఎక్కువగా తలకిందులుగా అర్థం చేసుకునేది ఇదొక్కటే.

లైసెన్సు ఉన్నవాటిలో రకాలున్నాయి. ఎంఐటీ, బీఎస్‌డీ లాంటివి ఉదారమైనవి. ఏమైనా చేసుకోండి, నా పేరూ నా కాపీరైటు వాక్యమూ మాత్రం తీసెయ్యకండి అంటాయి. 2004 నాటి అపాచీ 2.0 దాదాపు అంతే. దానికి తోడు పేటెంట్ల విషయంలో కొంత రక్షణ కూడా ఇస్తుంది. జీపీఎల్ వేరే దారి. నా కోడు కలిపి తయారుచేసినదాన్ని ఇంకొకరికిస్తే, మొత్తం సోర్సు కోడు కూడా ఇదే లైసెన్సు కింద వారికివ్వాలి అంటుంది. అంటే విందు తిన్నవాడు తన ఇంట్లో అందరికీ విందు పెట్టాలన్నమాట. ఇది మంచిదా చెడ్డదా అని మూడు దశాబ్దాలకు పైగా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ తగువులోకి ఇవాళ వెళ్ళను. రెండు రకాల సరుకునీ ఒకే గిన్నెలో కలిపినప్పుడు ఏమవుతుందన్నదే మన ప్రశ్న.

అసలు ఈ లైసెన్సులకి కోర్టులో విలువుందా? డబ్బు చేతులు మారలేదు, సంతకాలు పెట్టలేదు. చాలాకాలం దీనికి గట్టి జవాబు లేదు. జవాబు బొమ్మ రైళ్ళ వల్ల వచ్చింది. వేళాకోళం కాదు, నిజమే!

బర్క్‌లీలో రాబర్ట్ జేకబ్సన్ అని ఒక ఫిజిక్స్ ప్రొఫెసరుగారు. ఆయనకి బొమ్మ రైళ్ళంటే సరదా. బొమ్మ రైలింజన్లలో డీకోడర్ అని చిన్న చిప్ ఉంటుంది. కంప్యూటరు నుంచి దానికి ఆజ్ఞలివ్వాలంటే ఒక్కో కంపెనీ చిప్‌కీ ఒక్కో రకం పట్టిక కావాలి. ఇలాంటి సరదా ఉన్నవాళ్ళు కొందరు కలిసి జేఎంఆర్ఐ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు నడుపుతూ ఈ పట్టికలు ఓపిగ్గా తయారుచేశారు. వాటిని ఆర్టిస్టిక్ లైసెన్సు కింద ఉచితంగా పెట్టారు. ఒరెగాన్‌లో ఇదే వ్యాపారం చేసే ఒక కంపెనీ ఉంది. దాని యజమాని కాట్జర్. తమ పేటెంటుని ఉల్లంఘిస్తున్నారంటూ ఆ కంపెనీ ప్రొఫెసరుగారికి బిల్లు పంపింది. రెండు లక్షల డాలర్లు దాటిన బిల్లు! ఉచితంగా పంచిపెట్టినందుకు.

ఆయన భయపడి ప్రాజెక్టు మూసేసి ఉంటే ఈ కథే లేదు. 2006 మార్చిలో ఆయనే కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టుకి వెళ్ళారు. తవ్వుతుంటే ఇంకో సంగతి బయటపడింది. ఆ కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌లో జేఎంఆర్ఐ వాళ్ళ పట్టికలనే వాడుకుంది. వాడుకుంటే తప్పులేదు, లైసెన్సు ఒప్పుకుంటుంది. కానీ రాసినవాళ్ళ పేర్లు, కాపీరైటు వాక్యం, ఎక్కడి నుంచి తెచ్చారన్న మాట, ఏమేం మార్చారన్న వివరం, ఇవన్నీ తీసేసి మరీ వాడుకుంది. లైసెన్సు అడిగిందల్లా అవి ఉంచమనే.

ఇప్పుడు న్యాయశాస్త్రంలో ఒక సన్నని గీత చూడాలి. ఇల్లు అద్దెకిస్తూ "వాకిట్లో మొక్కలకి నీళ్ళు పొయ్యండి" అన్నారనుకోండి. అద్దెకున్నాయన పొయ్యలేదు. అది మాట తప్పడం. మహా అయితే నష్టపరిహారం అడగొచ్చు. మొక్క ఖరీదెంత? పది డాలర్లు. అలా కాకుండా "మొక్కలకి నీళ్ళు పోస్తేనే ఇంట్లో ఉండండి" అని ఉంటే, పొయ్యనివాడికి ఇంట్లో ఉండే హక్కే పోతుంది. మొదటిది ఒప్పందంలో హామీ, రెండోది షరతు. ఓపెన్ సోర్స్ లైసెన్సు మొదటిదైతే, ఉచితంగా ఇచ్చినదానికి నష్టం సున్నా కాబట్టి, ఎవరెలా ఉల్లంఘించినా చేతికొచ్చేది సున్నా. రెండోదైతే, షరతు తప్పినవాడు అనుమతి లేకుండా కాపీ చేసినవాడవుతాడు. కాపీరైటు చట్టం పూర్తి బరువుతో మీద పడుతుంది.

2007 ఆగస్టులో కింది కోర్టు మొదటి అర్థమే తీసుకుంది. ఓపెన్ సోర్స్ లోకం హడిలిపోయింది. దాదాపు ఏడాదికి, 2008 ఆగస్టు 13న, వాషింగ్టన్‌లోని ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. లైసెన్సులో ఉన్నది మన తెలుగులో "అయితేనే" అన్న అర్థమొచ్చే మాట. అది షరతేనని తేల్చింది. డబ్బు తీసుకోనంత మాత్రాన ఆ పని చేసినవాళ్ళకి ప్రయోజనం లేదనకూడదు, పేరూ వాడకందార్లూ వాళ్ళు తిరిగి చేసే సవరణలూ అన్నీ ప్రయోజనాలే అని కూడా చెప్పింది. 2010 ఫిబ్రవరిలో రాజీ కుదిరింది. కంపెనీవాళ్ళు లక్ష డాలర్లు కట్టడానికీ, ఆ పట్టికల జోలికి రాకుండా ఉండడానికీ ఒప్పుకున్నారు. మొదట బిల్లు పంపింది వాళ్ళన్న సంగతి గుర్తుందిగా?

నా మటుకు నాకు ఇది పెద్ద కంపెనీల దావాలన్నిటికన్నా ముఖ్యమైన కేసు. ఎందుకంటే రెండు పక్కలా చిన్నవాళ్ళే. మనలాంటివాళ్ళ సరదా ప్రాజెక్టులకి కూడా లైసెన్సు వర్తిస్తుందని తేల్చింది ఇదే.

సరే, లైసెన్సు గట్టిదే. మరి వందల ముక్కలు కలిపి వండేవాళ్ళు ఎలా సంబాళించుకుంటారు? దీనికి పాతకాలపు కచేరీ లెక్కలు రాసినంత శ్రద్ధగా పని చేసే సంస్థ అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్. 1999లో అమెరికాలో లాభాపేక్ష లేని సంస్థగా పుట్టింది. దీని కింద వందల ప్రాజెక్టులున్నాయి, పనిచేసేవాళ్ళు ఎక్కువగా స్వచ్ఛందులు. వీళ్ళు బయటి లైసెన్సులని మూడు బుట్టల్లో వేశారు. ఏ బుట్టలోవి నిరభ్యంతరంగా కలుపుకోవచ్చు. బీ బుట్టలోవి కొన్ని జాగ్రత్తలతో, ఎక్కువగా బైనరీ రూపంలోనే, కలపొచ్చు. ఎక్స్ బుట్టలోవి విడుదలలో కలపనే కూడదు. జీపీఎల్ ఎక్స్ బుట్టలో ఉంది. జీపీఎల్ చెడ్డదని కాదు. అపాచీ సరుకు తీసుకెళ్ళినవాళ్ళకి అపాచీ లైసెన్సులో లేని షరతులు దొంగచాటుగా అంటించకూడదన్నది వాళ్ళ నియమం. విడుదల చెయ్యాలంటే కనీసం ముగ్గురు బాధ్యులు సరేనని ఓటెయ్యాలి. ఓటేసే ముందు లైసెన్సు ఫైలూ, నోటీసు ఫైలూ సరిగా ఉన్నాయో లేదో చూడాలి. విసుగ్గా ఉంటుంది. అందుకే చాలామంది ఇతరులు ఈ పని చెయ్యరు.

ఈ బుట్టల వ్యవహారంలో ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. జేసన్ పేరు వినే ఉంటారు, కంప్యూటర్లు ఒకదానికొకటి సమాచారం పంపుకునే పద్ధతి. దాన్ని ప్రచారంలోకి తెచ్చిన డగ్లస్ క్రాక్‌ఫర్డ్ తన కోడుకి ఎంఐటీ లాంటి లైసెన్సు పెట్టి, అందులో ఒక్క వాక్యం చేర్చాడు. ఈ సాఫ్ట్‌వేర్‌ని మంచికే వాడాలి, చెడుకి వాడరాదు, అని. వినడానికి ఎంత బాగుంది! మన ధర్మరాజు చూస్తే సంతోషించేవాడు. లాయర్లు మాత్రం తలలు పట్టుకున్నారు. మంచి అంటే ఏమిటి? ఎవరు తేలుస్తారు? ఒక కంపెనీ లాయర్లు వచ్చి, మా ఖాతాదారులు ఏం చేస్తారో మేం చెప్పలేం, వేరే లైసెన్సివ్వండి అని అడిగితే, "చెడు చెయ్యడానికి మీకూ మీవాళ్ళకీ అనుమతిస్తున్నాను" అని రాసిచ్చానని ఆయనే ఒక ఉపన్యాసంలో నవ్వుతూ చెప్పాడు. డెబియన్‌వాళ్ళు ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదన్నారు. అపాచీ చాలా ఏళ్ళు చూసీచూడనట్టు ఊరుకుని, 2016 నవంబరులో ఎక్స్ బుట్టలో వేసింది. వాడుతున్న ప్రాజెక్టులన్నీ కొన్ని నెలల్లో మార్చుకోవాల్సి వచ్చింది. ఆ జావా లైబ్రరీనే 2022లో కాపీరైటు వదులుకుని అందరిదీ చేశారు. ఒక్క వాక్యం వెనక ఇంత నడిచింది.

ఆ తరవాతి ఏడాది ఇంకా పెద్ద చేప పడింది. ఫేస్‌బుక్‌వాళ్ళు రియాక్ట్ అనే తమ లైబ్రరీని బీఎస్‌డీ కింద ఇస్తూ, పక్కన పేటెంట్ల కాగితం ఇంకొకటి పెట్టారు. మా మీద పేటెంటు దావా వేస్తే మా పేటెంట్లు వాడుకునేందుకిచ్చిన అనుమతి రద్దు, అని దాని సారాంశం. 2017 జులైలో అపాచీ దీన్ని ఎక్స్ బుట్టలోకి తోసింది. ఫేస్‌బుక్ మొదట ససేమిరా అంది. సెప్టెంబరులో వర్డ్‌ప్రెస్ నడిపే మ్యాట్ ముల్లెన్‌వెగ్, మేం రియాక్ట్ వదిలేస్తున్నాం అని ప్రకటించాడు. కొద్ది రోజుల్లోనే ఫేస్‌బుక్ దిగొచ్చి రియాక్ట్‌ని మామూలు ఎంఐటీ లైసెన్సుకి మార్చింది. లక్షల కోట్ల కంపెనీని కదిలించినవాళ్ళు లైసెన్సు ఫైళ్ళు చదివే స్వచ్ఛందులు! లెక్క చూసుకునే అలవాటుకి ఇంత బలం ఉంటుందని నేనైతే అప్పుడే గ్రహించాను.

కానీ లెక్క ఎంత బాగా చూసినా, లేబుల్ మీద ఒకటీ సీసాలో ఇంకొకటీ ఉంటే? ఫోన్ చేసినావిడ అబ్బాయికి దాదాపు ఇదే జరిగిందని నా అనుమానం. కాబట్టి 2021 మార్చిలో రూబీ ఆన్ రైల్స్‌కి ఏమైందో కొంచెం వివరంగా చెబుతాను.

షికాగోలోని 37సిగ్నల్స్ కంపెనీ పనిలోంచి పుట్టి 2004లో బయటికొచ్చిన రైల్స్‌తో కట్టిన వెబ్‌సైట్లు ప్రపంచమంతా ఉన్నాయి. లైసెన్సు ఎంఐటీ. ఇందులో ఫైళ్ళు దాచుకునే భాగం ఒకటుంది. అది మార్సెల్ అనే ముక్కని వాడుకుంటుంది. మార్సెల్ మైమ్‌మ్యాజిక్ అనే ఇంకో ముక్కని వాడుకునేది. ఒక ఫైలు బొమ్మా, పాటా, పత్రమా అని పోల్చి చెప్పడం దాని పని. దాని మీద కూడా ఎంఐటీ అనే రాసి ఉంది. అంతా క్షేమం అనుకున్నారు. కానీ ఏ ఫైలు ఎలా ఉంటుందో చెప్పే పెద్ద జాబితాని మైమ్‌మ్యాజిక్ సొంతంగా రాయలేదు. షేర్డ్-మైమ్-ఇన్ఫో అనే ప్రాజెక్టు నుంచి ఎత్తి లోపల పెట్టుకుంది. ఆ జాబితా జీపీఎల్.

ఏళ్ళ తరబడి ఎవరూ చూడలేదు. జాబితా నిర్వాహకుడు ఒకరోజు గమనించి, మా సరుకు మీ ఎంఐటీ డబ్బాలో ఉంది, ఇది కుదరదు అని మర్యాదగానే చెప్పాడు. మైమ్‌మ్యాజిక్ యజమాని నిజాయితీపరుడు. వెంటనే తన ముక్కని జీపీఎల్‌కి మార్చి కొత్త విడుదల చేసి, పాతవాటిని అంగట్లోంచి తీసేశాడు. అంతే! పాత సంఖ్య మీద కట్టుకున్న బిల్డులన్నీ కూలాయి. కొత్తది తీసుకుందామంటే, జీపీఎల్ ముక్క లోపలికొస్తే తమ కోడు సంగతేమిటని కంపెనీలకి దిగులు. రైల్స్‌వాళ్ళు రెండుమూడు రోజుల్లో మైమ్‌మ్యాజిక్‌ని పూర్తిగా తీసేసి, అపాచీ టికా అనే ప్రాజెక్టు జాబితా తెచ్చుకుని, మార్చి 26న మూడు వరసల విడుదలలు ఇచ్చారు. చూశారా, విసుగ్గా బుట్టలు సర్దుకున్నవాళ్ళ సరుకే చివరికి ఆదుకుంది. టికా పుట్టించినవాళ్ళలో ఒకరైన క్రిస్ మ్యాట్‌మనే, ఫేస్‌బుక్ తగువు నాటికి అపాచీ లైసెన్సు వ్యవహారాలకి పెద్ద.

ఇందులో ఎవరిది తప్పని అడిగితే నేను ఒకరి పేరు చెప్పలేను. ముగ్గురూ నియమం ప్రకారమే నడుచుకున్నారు. లేబుల్ చదివే యంత్రాలు మాత్రం ఈ విషయంలో ఎందుకూ పనికిరాలేదు. పాకేజీ వివరాల్లో ఏం రాసి ఉందో అవి చదువుతాయి. లోపలున్న ఫైలు ఎక్కడిదో అడగవు. కోడుకే కాదు, పట్టికలకీ బొమ్మలకీ ఫాంట్లకీ కూడా లైసెన్సుంటుందన్నది చాలామంది మరిచిపోతారు.

ఫాంట్లంటే గుర్తొచ్చింది. గూగుల్ ఫాంట్లలో తెలుగు అక్షరాలు చూసే ఉంటారు. గిడుగు, మండలి, రామభద్ర లాంటి పేర్లున్నవి. కాలిఫోర్నియాలోని సిలికానాంధ్రవారు వీటిని ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద అందరికీ అందించారు. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాలు పురుషోత్ కుమార్ గుత్తులగారివి. ఇంగ్లీషు అక్షరాలు వేరే కళాకారులవి. అంటే ఒక తెలుగు ఫాంటులో కూడా ఇంకొకరి సొత్తు ఉందన్నమాట. అది పద్ధతిగా, పేర్లతో సహా చెప్పి మరీ ఉంది. ఈ లైసెన్సు కింద ఫాంటుని పుస్తకాల్లో, పెళ్ళి శుభలేఖల్లో, సినిమా పోస్టర్లలో స్వేచ్ఛగా వాడుకోవచ్చు. ఫాంటుని విడిగా అమ్మకూడదు. మార్చి విడుదల చేస్తే అదే లైసెన్సులో ఉంచాలి. అసలు కళాకారుడు తనకని ఉంచుకున్న పేరుంటే, మార్చినదానికి ఆ పేరు పెట్టకూడదు. మన సంఘాల సంచికలు తయారుచేసేవాళ్ళు దీన్ని ఒకసారి చదివితే చాలు, అట్టే పెద్దది కాదు.

లైసెన్సులు ఒకెత్తు, భద్రత ఇంకొకెత్తు. అరువు సరుకుల జాబితా లేకపోతే ఏమవుతుందో మనలో చాలామంది స్వయంగా అనుభవించారు. 2017లో అట్లాంటాలోని ఎక్విఫాక్స్ నుంచి దాదాపు 14 కోట్ల 70 లక్షలమంది వివరాలు దొంగల పాలయ్యాయి. సోషల్ సెక్యూరిటీ నంబర్లతో సహా. అప్పటికి అమెరికాలో క్రెడిట్ కార్డున్న శ్రోతల వివరాలు అందులో ఉన్నా ఆశ్చర్యం లేదు. దొంగలు దూరిన కన్నం అపాచీ స్ట్రట్స్ అనే ముక్కలోది. ఆ కన్నానికి మార్చి మొదట్లోనే అతుకు విడుదలైంది. వెంటనే వేసుకోవాలని కంపెనీ లోపల ఉత్తరం కూడా పంపుకున్నారు. వెతికారు. స్ట్రట్స్ ఎక్కడెక్కడ ఉందో వాళ్ళ దగ్గర సరైన జాబితా లేదు. వెతికిన యంత్రానికి దొరకలేదు. మే నెలలో దొంగలకి దొరికింది! జులై చివరిదాకా తోడుకున్నారు. ఉచితంగా రాసిన స్వచ్ఛందులు తమ పని చేశారు. కోట్లు సంపాదించే కంపెనీకి తన ఇంట్లో ఏముందో తెలీలేదు.

2021 డిసెంబరులో లాగ్‌ఫర్‌జే విషయంలో అందరిదీ ఇదే పరిస్థితి. అంతకు ముందే, ఆ ఏడాది మే 12న, అధ్యక్షుడు బైడెన్ ఇచ్చిన ఒక ఉత్తర్వులో, ప్రభుత్వానికి అమ్మే సాఫ్ట్‌వేర్‌కి లోపలి భాగాల జాబితా ఇవ్వాలన్న ఆలోచన ఉంది. ఎస్‌బామ్ అంటున్నది దీన్నే. బిస్కట్ పొట్లం మీద ఏమేం కలిపారో రాసినట్టే. జులైలో వాణిజ్య శాఖవాళ్ళు కనీసం ఏమేం ఉండాలో చెప్పారు. ముక్క పేరు, సంఖ్య, ఎవరు ఇచ్చారు, ఏది దేని మీద ఆధారపడింది, జాబితా ఎవరు ఎప్పుడు రాశారు, ఇలాంటివి. లైసెన్సు ఆ కనీసపు జాబితాలో లేదు. ఉండాల్సిందని నా అభిప్రాయం. ఎలాగూ వెతుకుతున్నప్పుడు రెండు పిట్టలూ పడేవి. ఈ జాబితా రాయడానికి వాడే ఎస్‌పీడీఎక్స్ అనే పద్ధతి అసలు పుట్టిందే లైసెన్సుల లెక్క కోసం.

ఇప్పుడు ఫోన్ చేసినావిడకి జవాబు. అమ్మా, మీ అబ్బాయి ప్రాజెక్టు మూసెయ్యక్కర్లేదు. ముందుగా, వచ్చి చెప్పినాయనకి థాంక్స్ చెప్పి, కాస్త వ్యవధి అడగమనండి. ఎక్కువమంది కోరేది సర్దుబాటే, కోర్టు కాదు. తరవాత ఆ ముక్క ఏ దారిన లోపలికొచ్చిందో చూడాలి. వీళ్ళే పిలిచి తెచ్చుకున్నారా, ఇంకొకటి వెంటబెట్టుకొచ్చిందా? చాలా భాషల్లో ఈ వంశవృక్షం చూపించే ఆజ్ఞ ఉంటుంది. దాని బదులు వేరేది దొరికితే మార్చడం తేలిక. దొరక్కపోతే, తమ ప్రాజెక్టు లైసెన్సునే జీపీఎల్‌కి మార్చుకోవచ్చు. కానీ ఇప్పటిదాకా కోడు ఇచ్చిన స్నేహితులందరి లైసెన్సులూ దానికి ఒప్పుకుంటాయో లేదో చూడాలి. అందరూ ఎంఐటీ కింద ఇచ్చి ఉంటే చిక్కులేదు. ఏ లైసెన్సూ రాయకుండా ఇచ్చి ఉంటే మాత్రం ఒక్కొక్కరినీ అడిగి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. మూడోదారి కూడా ఉంది, సొంతదారుని అడగడం. కాపీరైటు ఆయనదే అయితే, వేరే లైసెన్సు కింద ఇమ్మని అడిగితే ఇవ్వనూ వచ్చు. అడిగితే పోయేదేముంది?

ఇకముందు కొత్త ముక్క తెచ్చుకునేటప్పుడు, ప్రాజెక్టులోనే ఒక మామూలు ఫైలు పెట్టుకుని నాలుగు మాటలు రాసుకుంటే చాలు: ఎక్కడి నుంచి, ఏ సంఖ్య, ఏ లైసెన్సు, ఎందుకు. పాకేజీ పేరు పక్కన ఉన్న లైసెన్సు మాట నమ్మకుండా లోపలి ఫైళ్ళు కూడా తెరిచి చూడమనండి. స్టాక్ ఓవర్‌ఫ్లోలో జవాబుల నుంచి ఎత్తిన కోడుకి కూడా లైసెన్సుంది. అది పేరు చెప్పమనీ, అదే లైసెన్సు కొనసాగించమనీ అడిగే క్రియేటివ్ కామన్స్ రకం. ఇప్పుడు పిల్లలు కృత్రిమ మేధని అడిగి కోడు రాయించుకుంటున్నారు కదా, అది ఎవరి కోడు నుంచి నేర్చుకుని చెప్పిందో దానికి చీటీ ఉండదు. దీని మీద గిట్‌హబ్, మైక్రోసాఫ్ట్, ఓపెన్‌ఏఐల పైన 2022 నవంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో దావా కూడా వేశారు. కనీసం ఏ భాగం అలా వచ్చిందో రాసి పెట్టుకోమనండి.

ఉద్యోగస్తులకి ఒక్క మాట చెప్పి ఆపేస్తాను. మీరు శనాదివారాల్లో ఏదైనా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి కోడు ఇస్తుంటే, అది నిజంగా మీదేనా అని ముందు చూసుకోండి. ఉద్యోగంలో చేరినప్పుడు పెట్టిన సంతకాల్లో, మీరు రాసేదంతా కంపెనీదే అన్న కాగితం తరచు ఉంటుంది. కాలిఫోర్నియాలో లేబర్ కోడ్ 2870వ సెక్షను ప్రకారం, సొంత సమయంలో, కంపెనీ పరికరాలు వాడకుండా, కంపెనీ వ్యాపారంతో సంబంధం లేనిది చేస్తే అది మీదే. అన్ని రాష్ట్రాల్లోనూ ఇలా లేదు. మీది కానిది మీరు ఇచ్చేస్తే, తీసుకున్న ప్రాజెక్టు మెడకి చుట్టుకుంటుంది. 2003లో యూటా కంపెనీ ఎస్‌సీఓ, తన కోడు లినక్స్‌లోకి పోయిందంటూ ఐబీఎం మీద దావా వేసిన తరవాత, 2004లో లైనస్ టోర్వాల్డ్స్ పెట్టిన నియమం ఇందుకే. ప్రతి సవరణ కిందా పంపినవాళ్ళు, ఇది ఇచ్చే హక్కు నాకుందని పేరు పెట్టి చెప్పాలి. అపాచీలో అయితే విడిగా ఒప్పందం మీద సంతకం పెట్టాలి. అవసరమైతే మీ కంపెనీ చేత ఇంకొకటి పెట్టించాలి. మేనేజరుని అడగడానికి మొహమాటపడకండి. పెద్ద కంపెనీల్లో దీనికి వేరే ఆఫీసే ఉంటుంది.

సమయం అయిపోయిందని అద్దం అవతల నుంచి సైగ చేస్తున్నారు. మీ అబ్బాయి ఆ ముక్కని మార్చాక ఏమైందో తప్పకుండా ఫోన్ చేసి చెప్పండమ్మా.